పాత హార్డ్‌డిస్క్ బేరం

దేవిక గోడ అర మీద చూపుడువేలితో ఒక గీత గీసి, ఆ వేలు చూసుకుని "ఛీ" అంది. అగరొత్తుల బూడిద, సాంబ్రాణి మసి, నూనె జిడ్డు, రెండు నెలల దుమ్ము, అన్నీ కలిసి వేలికి కాటుకలా అంటుకున్నాయి. ఆ జిడ్డు మధ్యలో జానెడు మేర మాత్రం చెక్క శుభ్రంగా కనిపిస్తోంది. నిన్న మంగళవారం పొద్దుటిదాకా సీసీ కెమెరాల రికార్డర్ ఉన్న చోటు అది. పక్కనే దేవుడి పటాలు. పటాల మీద కుంకుమ తాజాగా ఉంది గాని, వాటి కింద అర మాత్రం ఏనాడూ గుడ్డ ముఖం చూసినట్టు లేదు.

"దేవుడి అరని ఖదీజా ముట్టుకోదమ్మాయ్. మనం ఏవన్నా అనుకుంటామేమోనని. ఈయనేమో తుడవడు" అంది వెంకటరమణమ్మ, మొగుడి వైపు కొరకొరా చూస్తూ.

ఆమె మొగుడు చెన్నకేశవులు శెట్టి. మాచర్ల బజారులో స్టీలు, ఇత్తడి సామాన్ల కొట్టు. నిన్న పొద్దున తొమ్మిది పదికి ఆయన కొట్టుకొచ్చేసరికి రికార్డర్ లేదు. దాంతోపాటు పన్నెండు వెండి కుంకుమ భరిణెలు కూడా పోయాయని స్టేషన్లో కాయితం రాసిచ్చాడు. కొట్టు తాళంచెవులు ఇద్దరి దగ్గరే ఉంటాయి. ఒకటి శెట్టి దగ్గర, ఇంకొకటి తొమ్మిదేళ్లుగా కొట్లో పనిచేస్తున్న ఖదీజా దగ్గర. తాళం పగల్లేదు, షట్టర్ వంగలేదు. ఇంకేముంది, ఈ పొద్దున ఖదీజాని విచారణకని స్టేషన్‌కి పిలిచి కూర్చోబెట్టారు.

"పదకొండున్నరయింది. నాలుగింటికల్లా కేసు కట్టి కోర్టుకు తీసుకుపోతామన్నారు సీఐ గారు. ఆ పిల్ల దొంగతనం చేసేది కాదు. నాకు కడుపునొప్పొచ్చి పడిపోయిననాడు బీరువా తాళాలు ఎవరి చేతిలో పెట్టాననుకున్నావు? దాని చేతిలోనే. నువ్వు నాలుగింటిలోపు ఏదో ఒకటి తేల్చు" అంది వెంకటరమణమ్మ.

దేవికని నరసరావుపేట నుంచి పిలిపించింది ఈవిడే. మొగుడు ఎందుకూ దండగన్నాడు. దండగో పండగో నేను చూసుకుంటానంది.

దేవిక తొమ్మిదేళ్లు గుంటూరులో, చెడిపోయిన డిస్కుల్లోంచి పోయిన ఫోటోలూ ఫైళ్లూ బయటికి తీసే షాపులో పనిచేసింది. ఆ తర్వాత నరసరావుపేటలో ఒక జిరాక్స్ షాపు పైన గది తీసుకుని డిటెక్టివ్ ఏజెన్సీ బోర్డు కట్టింది. బోర్డయితే కట్టింది గాని వచ్చేవన్నీ పెళ్లి విచారణలు. పిల్లవాడు తాగుతాడా, పిల్ల ఎవరితోనన్నా తిరిగిందా. మూడేళ్లుగా ఊళ్ల మీద పడి మనుషుల మురికి మూటలు విప్పీ విప్పీ ఆమెకి మనుషులంటేనే రోత పుట్టింది. ఒక నిజమైన కేసు దొరికితే చాలని కాచుక్కూర్చుంది. ఆ ఆశ కూడా ఒక రకం కక్కుర్తేనని ఆమెకి ఆ పూట తట్టలేదు.

"రికార్డర్ ఎలాంటిది కొన్నారు శెట్టిగారూ?"

ఆ ప్రశ్న అడగటమే ఆలస్యం, శెట్టి ముఖం వెలిగింది. "ఊరికే కొన్లా అమ్మాయ్. నాలుగు నెలలు తిరిగా. పిడుగురాళ్లలో అడిగా, మీ పేటలో అడిగా, గుంటూరు దాకా బోయా. ఒకడు ఎనిమిది ఛానళ్లది తీసుకోమన్నాడు. నాకున్నయ్యి మూడు కెమెరాలు. మిగతా అయిదు బొక్కలూ ఏం జేసుకోను, దండేసి దణ్ణం పెట్టుకోనా? నాలుగు ఛానళ్లది చాలన్నా. ఇంకొకడు కెమెరాల కోసమే తయారైన కొత్త హార్డ్‌డిస్కు ఏసుకోమన్నాడు. దాని రేటు పెట్టె రేటును మించి ఉంది! ఆఖరికి ఇక్కడే యోగేశ్ దగ్గర కుదిరింది. పెట్టె కొత్తది, లోపల డిస్కు పాతది. మూత బిగించాక లోపల ఏముందో ఎవడికి కనపడిద్ది?"

"డిస్కుకి వారంటీ?"

"లేదు."

"బిల్లు?"

"బిల్లేస్తే జీఎస్టీ పడిద్దన్నాడు. వద్దన్నా."

"పాడైతే వచ్చి చూసే ఒప్పందం, ఏఎంసీ?"

"అదొక దండగమారి ఖర్చు."

గిన్నె గ్రాము తక్కువ తూగితే ఒప్పుకోని మనిషి, తన కొట్టుకి కాపలా పెట్టుకున్న దాని దగ్గర మాత్రం పిండి కొద్దీ రొట్టె అన్న మాట మర్చిపోయాడు. పైగా అదేదో గెలిచినట్టు చెప్పుకుంటున్నాడు. దేవికకి ఒళ్లు మండింది. పైకి ఏమీ అనకుండా అర కిందికి వంగి తీగలు చూసింది.

మూడు కెమెరా తీగలూ, ఒక టీవీ తీగా, ఒక కరెంటు తీగా గోడకి వేలాడుతున్నాయి. ఒక్కటీ తెగలేదు. కెమెరా తీగ చివర ఉండే బిళ్ల ఊరికే లాగితే రాదు. లోపలికి నొక్కి, పావు చుట్టు ఎడమకి తిప్పాలి. కంగారులో ఉన్న దొంగ కత్తెరతో కోస్తాడు, లేదా పీకి పారేస్తాడు. వీటిని ఎవరో తీరిగ్గా తిప్పి తీశారు. తెలిసిన చెయ్యి.

ఆమె లేచి షట్టర్ పక్కన ఉన్న కరెంటు బోర్డు దగ్గరికి నడిచింది. మిగతా స్విచ్‌లన్నీ మసి పట్టి ఉంటే మెయిను మీట ఒక్కటే అరిగి మెరుస్తోంది.

"దీన్ని ఎవరు తిప్పుతారు?"

"నేనే. రోజూ రాత్రి తొమ్మిదింటికి మెయిను దించి, దణ్ణం పెట్టుకుని తాళమేస్తా. షార్ట్ సర్క్యూట్ అయితే కొట్టు మొత్తం బూడిదే గదా. మా నాయన కాలం నించీ అంతే. పొద్దున ఖదీజా వచ్చి ఎత్తిద్ది."

దేవిక ఆయన వంక రెప్ప వెయ్యకుండా చూసింది. "అంటే రాత్రంతా మీ కెమెరాలు పనిచెయ్యవు."

"రాత్రి కొట్టు మూసుంటది గదమ్మాయ్. ఎవరొస్తారు?"

వెంకటరమణమ్మ నెత్తి కొట్టుకుంది. "ఓరి నాయనో! నాలుగు నెలలు తిరిగి కొన్నది పగటిపూట మన మొహాలు మనం చూసుకోటానికా?"

"యోగేశ్‌కి ఈ సంగతి తెలుసా?" అంది దేవిక.

"చెప్పలా. ఇరవైనాలుగ్గంటలూ ఏసే ఉంచమన్నాడు. కరెంటు బిల్లు అతగాడు కడతాడా?"

దేవిక మనసులో లెక్క కుదురుకుంది. రాత్రి రికార్డర్ ఆగిపోతుందని ఖదీజాకి తెలుసు. పొద్దున మెయిను ఎత్తేదే ఆమె. వెండి కావాలంటే మెయిను ఎత్తకముందే తీసుకుని పోవచ్చు, ఏ కెమెరాకీ చిక్కదు. చచ్చి పడున్న రికార్డర్‌ని మోసుకుపోవాల్సిన ఖర్మ ఆమెకేం పట్టింది? అది రాత్రంతా నడుస్తోందనుకున్న వాడే దాన్ని ఎత్తుకుపోతాడు. అంటే బయటివాడు, మారు తాళంచెవి చేయించుకున్నవాడు. అందులోనూ తీగలు తిప్పటం తెలిసినవాడు.

ఒక్కటే కొరుకుడు పడలేదు. తను కొట్లో అడుగు పెట్టేముందు ఎదురుగా టీ అంగడి షాకిర్‌ని పలకరించింది. నిన్న ఖదీజా ఎనిమిదింటికే షట్టర్ ఎత్తిందన్నాడు. రోజూ ఎనిమిదిన్నరకి గాని రాదట. ఆ తర్వాత బేరాల్లో పడి అటు చూళ్లేదన్నాడు. ఈ అరగంట దేనికి? దేవిక ఆ మాట పుస్తకంలో రాసుకుంది గాని, తన లెక్కకి అడ్డమొస్తుందని మరుపేజీ తిప్పేసింది.

పన్నెండూ పదికి కొట్టు ముందు జీపు ఆగింది. సీఐ శ్రీమన్నారాయణ దిగాడు. వెనకే బైకు మీద యోగేశ్. కొత్త తెల్లచొక్కా, జేబుకి రెండు పెన్నులు. "యోగేశ్ సెక్యూరిటీస్ అండ్ డిటెక్టివ్ సర్వీసెస్" అని బైకు ట్యాంకు మీద కూడా రాయించుకున్నాడు. దేవికని చూడగానే పళ్లికిలించాడు.

"ఏంది మేడం, పెళ్లిళ్ల సీజన్ అయిపోయిందా? దొంగతనాల్లోకి దిగారు?"

దేవిక వాడి ముఖం మీంచి చూపు తిప్పేసుకుంది. కిందటేడు ఒక సంబంధం విషయంలో అమ్మాయి మంచిదని తను రాసిచ్చింది. వీడు తాను బిగించిన కెమెరాల్లోంచి, ఆ పిల్ల తోటి ఉద్యోగితో టీ తాగుతున్న ముక్క ఒకటి కత్తిరించి పెళ్లివారికి అమ్ముకున్నాడు. సంబంధం చెడింది. వీడికి పేరొచ్చింది. నాలుగు బేరాలు ఆమె దగ్గర్నుంచి వాడి దగ్గరికి పోయాయి. బేరాలు పోయినందుకు కాదు, ఊళ్లో జనం ఆ ముక్కని ఫోన్లలో పంచుకుని చప్పరించారే, అందుకు ఆమెకి ఇప్పటికీ ఏహ్యమే.

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను ఒక్కపూటలో పట్టా. ఆమె నోరు విప్పట్లేదు, అంతే తేడా. నాలుగింటికి కాయితాలు రెడీ అయిపోతాయి. ఆ తర్వాత ఇల్లు సోదా చేస్తే వెండి కూడా దొరికిద్ది" అన్నాడు సీఐ కుర్చీ లాక్కుంటూ.

"వెండి దొరకదండి సీఐ గారూ."

"ఎందుకు దొరకదు?"

"పోలేదు గనక."

దేవిక గల్లాపెట్టె వెనక్కి నడిచి, పటాల అర కింద ఉన్న చిన్న చెక్క బీరువా తలుపు లాగింది. లోపల పాత పంచాంగాలు, ఒత్తుల కట్టలు, వాటి వెనక ఒక గులాబీ రంగు పల్చటి కాయితం పొట్లం. వెండి సామాను ఏ కొట్లోనైనా ఆ కాయితంలోనే చుడతారు. ఇందాక తీగల కోసం వంగినప్పుడే దాని చివర ఆమె కంట పడింది. పొట్లం విప్పి బల్ల మీద పరిచింది. భరిణెలు పన్నెండూ ఉన్నాయి.

చెన్నకేశవులు శెట్టి చెవులు ఎర్రబడ్డాయి.

"తల కొట్టేసినట్టయింది గదయ్యా! దేవుడి బీరువాలో పెట్టి, ఆడకూతురి మీద దొంగతనం మోపుతావా? ఎన్నేళ్లు తిన్నది మన ఉప్పు!" అని వెంకటరమణమ్మ కేకేసింది.

"నేను మోపలేదే! ఆమె పేరు నేను రాయలా. పోయిందని మటుకే రాశా" అన్నాడు శెట్టి నీళ్లు నములుతూ. "రికార్డర్ ఒక్కటే పోయిందంటే ఎవడూ పట్టించుకోడు, వెండి కూడా రాస్తే పోలీసులు ఊరంతా గాలించి తెస్తారన్నాడు. వెండి తర్వాత దొరికిందని జెప్పొచ్చన్నాడు."

"ఎవరన్నారు?" అన్నాడు సీఐ. గొంతు మారింది.

శెట్టి యోగేశ్ వైపు చూశాడు. యోగేశ్ భుజాలు ఎగరేశాడు. "కస్టమర్‌కి సాయం జేద్దామని ఒక మాటన్నా. అదీ నేరమేనా సార్?"

దేవికకి ఒక్క క్షణం నవ్వొచ్చింది, వెంటనే అసహ్యం వేసింది. ఒకడు అబద్ధం చెప్పమన్నాడు, ఇంకొకడు చెప్పాడు. మధ్యలో ఒక మనిషి పొద్దుట్నుంచీ స్టేషన్ బల్ల మీద కూర్చుని ఉంది. ఆ సంగతి వీళ్లిద్దరికీ పట్టనే లేదు. ఇంత చిన్న రికార్డర్ దొరకాలని యోగేశ్‌కి ఎందుకంత ఆత్రం?

"శెట్టిగారూ, ఈ మధ్య యోగేశ్ మీకు ఫోన్ చేశాడా?"

దానికి వెంకటరమణమ్మే జవాబిచ్చింది. "చెయ్యకేం? శుక్రవారం నించి మూడుసార్లు. ఆ పాత డిస్కు తీసేసి కొత్తది ఊరికే ఏస్తానంటాడు. ఈయనకి ఊరికే అంటే అనుమానం. సోమవారం అష్టమి, మంగళవారం నవమి, ఆ రెండ్రోజులూ ఇనప సామాను కొట్లోకి రాకూడదు, దశమి బుధవారం రమ్మన్నాడు. అంటే ఇయ్యాల."

దేవిక వెన్ను నిటారయింది. మూడేళ్లుగా ఆమె ఎదురుచూసిన ఘడియ ఇదే. ఎదురుగా సీఐ ఉన్నాడు, పక్కన తన పొట్టకొట్టిన యోగేశ్ ఉన్నాడు. ఇలాంటి చోట నోరు మూసుకోవటం మహానుభావులకే సాధ్యం.

"బిల్లు లేని డిస్కుకి, వారంటీ లేని డిస్కుకి, ఊరికే కొత్తది! ఏం యోగేశ్, దానకర్ణుడివయ్యావా?" అని సీఐ వైపు తిరిగింది. "సార్, దొంగకి కావాల్సింది ఈ కొట్లో రికార్డయిన బొమ్మలు కాదు. రాత్రంతా ఇక్కడ మెయిను దించేసి ఉంటుంది, రికార్డయ్యేదేమీ లేదు. వాడికి కావాల్సింది ఆ డిస్కులో అంతకుముందే ఉన్న బొమ్మలు. ఒకే కంపెనీ పెట్టెలైతే పాత డిస్కు వేసినా పాత రికార్డింగు తెరుచుకుంటుంది. నిండిపోయాకే పాతదాని మీద కొత్తది పడుతుంది. ఇరవైనాలుగ్గంటలూ నడిచి ఉంటే ఈపాటికి ఎప్పుడో చెరిగిపోయేది. శెట్టిగారు రోజూ మెయిను దించబట్టి నెమ్మదిగా నిండింది. పాతది ఇంకా అందులోనే ఉంది. తీగలు తిప్పి తీయటం తెలిసినవాడు, మెయిను సంగతి తెలియనివాడు, ఆ డిస్కు కోసం మూడుసార్లు ఫోన్ చేసినవాడు. ఎవరో నేను చెప్పాలా?"

యోగేశ్ ముఖంలో రంగు పోయింది. అయితే ఆమె అనుకున్న భయం కాదది. ఏదో గబగబా లెక్క కూడుతున్నవాడి చూపు.

"సోమవారం సాయంత్రం నించి నిన్న మధ్యాహ్నం దాకా నేను గురజాల సైటు మీదున్నా. పదిమంది సాక్షులున్నారు" అన్నాడు. ఆగి, మెత్తగా అడిగాడు. "అయితే మేడం, అందులో ఏముందో చూసినవాళ్లే తీశారంటారు. అంతేగా?"

"అంతే. చూడకుండా ఎవడు తీస్తాడు?"

"కరెక్టే" అన్నాడు యోగేశ్. ఫోన్ వచ్చినట్టు చెవి దగ్గర పెట్టుకుని బయటికి నడిచాడు. బైకు కదిలిన చప్పుడు వినిపించింది.

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడు చూశావా!" అంది వెంకటరమణమ్మ.

సీఐ లేచాడు. శెట్టి వైపు చూపు కూడా తిప్పకుండా, "మీ సంగతి సాయంత్రం మాట్లాడతా" అన్నాడు. దేవికతో, "వాడి ఫోన్ సోమవారం రాత్రి ఎక్కడుందో కనుక్కుంటా. ఈలోపు ఆమెతో నువ్వు మాట్లాడు. నా దగ్గర నోరు విప్పట్లా. నీ దగ్గర విప్పితే నాలుగింటికి ఇంటికి పంపిస్తా" అన్నాడు.

దేవిక ఆటో ఎక్కింది. గెలిచానన్న పొంగు ఒళ్లంతా పాకింది. యోగేశ్ ముఖం తెల్లబోవటం తల్చుకుని దారి పొడుగునా నవ్వుకుంది.

స్టేషన్లో వెనక గదిలో ఖదీజా గోడవారగా బల్ల మీద కూర్చుని ఉంది. నలభై ఏళ్ల మనిషి, నీలం చీర, కొంగు తల మీదికి కప్పుకుంది. ఎదురుగా పెట్టిన అన్నం పొట్లం విప్పలేదు. మహిళా కానిస్టేబుల్ కృష్ణకుమారి కిటికీ దగ్గర రిజిస్టర్ రాసుకుంటోంది. ఆమె బల్ల మీదే ఖదీజా ఫోను ఉంది. గడియారం ఒంటిగంట పది చూపిస్తోంది.

దేవిక బల్ల చివర కూర్చుని ఊపిరి తిప్పుకోకుండా అంతా చెప్పింది. భరిణెలు దొరికాయని, మెయిను సంగతి, తీగల సంగతి, డిస్కులో పాత బొమ్మల సంగతి, యోగేశ్ ముఖం మాడిపోయిన సంగతి. "నాలుగింటికి నువ్వు ఇంటికి పోవచ్చు" అని ముగించింది.

ఖదీజా ముఖంలో సంతోషం రాలేదు. "పాత బొమ్మలున్నాయని... యోగేశ్ ఎదురుగానే చెప్పారామ్మా?" అంది.

"వాడి ముఖం మీదే చెప్పా."

"చూసినవాళ్లే తీశారని కూడా?"

"అదీ చెప్పా. ఏం?"

ఖదీజా కళ్లు మూసుకుంది. రెండు చేతులూ ఒళ్లో బిగించి పట్టుకుంది. దేవికకి అప్పుడు, సరిగ్గా అప్పుడే, తిప్పేసిన పేజీ గుర్తుకొచ్చింది.

"నిన్న ఎనిమిదింటికే ఎందుకెళ్లావు ఖదీజమ్మా?" అంది నెమ్మదిగా.

ఖదీజా తల మీది కొంగు ఇంకాస్త ముందుకి లాక్కుంది.

"ఆ తీగలు తిప్పి తీయటం నీకెలా తెలుసు?"

"ఏఎంసీ కట్టలేదని వాడు కొట్టుకి వచ్చేవాడు కాదమ్మా. పెట్టె ఆగిపోయినప్పుడల్లా ఫోన్లో చెప్పేవాడు. నొక్కు, ఎడమకి తిప్పు, తీసి మళ్లీ పెట్టు అని. శెట్టిగారు భోజనానికి పోయినప్పుడు నేనే ఆ అర మీద చెయ్యిపెట్టి తిప్పేదాన్ని. దేవుడి పటాలు గదా, ఆయనకి తెలిస్తే ఏమన్నా అంటారని చెప్పలా."

దేవిక పొద్దుట్నుంచీ పేర్చుకున్న మేడ పునాదితో సహా కూలింది. తెలిసిన చెయ్యి ఇదే. ఆ రికార్డర్‌ని తీసింది ఈమే.

"సోమవారం మధ్యాన్నం ఒకామె ఇత్తడి దీపపు సెమ్మె సంచీ మర్చిపోయానని వచ్చింది" అని ఖదీజా గోడకేసి చూస్తూ చెప్పింది. "కెమెరాలో చూడమంది. టీవీ పెట్టి తేదీ తిప్పుతుంటే ఎక్కడో పాత నెల మీద పడింది. మనకి కెమెరాలే లేని నెల. నొక్కా. అది మన కొట్టు కాదమ్మా. చిన్న గది. పెద్ద అద్దం. బట్టలు తగిలించే కొక్కేలు. ఆడపిల్లలు... పెళ్లికూతురి బట్టలు మార్చుకుంటున్నారు. ఆ గది నాకు తెలుసు. గురజాలలో పెళ్లికూతుళ్లని ముస్తాబు చేసే షాపు. మా అమ్మాయి అంజుమ్ డిగ్రీ అయ్యాక ఆరు నెలలు అక్కడే పనిచేసింది. నేను క్యారేజీ ఇచ్చి రావటానికి పోయేదాన్ని."

ఆమె ఆగింది. దేవిక అడగలేదు. అడగాల్సిన పని లేదు.

"మా అంజుమ్ కూడా ఉంది. రోజూ ఆ గదిలోనే షాపు యూనిఫాం చీర కట్టుకునేది" అంది ఖదీజా.

కిటికీ దగ్గర కృష్ణకుమారి పెన్ను ఆగిపోయింది.

పెళ్లి సంబంధాలు విచారిస్తూ దేవిక ఈ జిల్లా అంతా తిరిగింది. ఎందరి ఇళ్లలో ఆ షాపు పేరు వినలేదు! ఎంతమంది తల్లులు కూతుళ్లని ఆ గదిలోకి పంపి, బయట కుర్చీల్లో కూర్చుని మజ్జిగ తాగి ఉంటారు! ఆ కెమెరా పెట్టినవాడు తెల్లచొక్కా వేసుకుని సీఐ వెనక తిరుగుతున్నాడు. పాతసామాను డబ్బాలో ఏ డిస్కు ఏదో చూసుకోకుండా ఇదే తెచ్చి చవక బేరగాడికి అంటగట్టాడు. ఆలస్యంగా తెలుసుకుని ఊరికే కొత్తది వేస్తానన్నాడు. ఛీ, ఛీ, ఛీ.

"పొద్దుట్నుంచీ ఎందుకు చెప్పలేదు? దొంగవని కోర్టుకి తీసుకుపోతుంటే కూడా!"

"దొంగనంటే నాకు జైలు. అంతేగా. చెబితే దాన్ని ఇక్కడ పెట్టి చూస్తారు. ముందు ఇద్దరు, తర్వాత పదిమంది. కోర్టులో ఇంకో పదిమంది. ఎవడో ఒకడి ఫోన్లోకి పోయిద్ది. ఆ టీ తాగిన పిల్ల సంగతి మాచర్లలో కూడా తెలుసమ్మా. అది టీనే తాగింది" అంది ఖదీజా.

దేవిక తల దించుకుంది.

"పగలగొట్టేశావా?"

"పెట్టెని ఇంటికి తీసుకుపోయి, పగలగొడదామని పొత్రం ఎత్తా. చెయ్యి ఆగిపోయింది. అందులో మా పిల్ల ఒక్కతే కాదు, ఎందరి పిల్లలో ఉన్నారు. ఇంకా... వాడు కూడా ఉన్నాడు. కెమెరా గోడలో పెట్టి, సరిగ్గా కనపడుతుందో లేదో అని దగ్గరగా మొహం పెట్టి చూశాడు. టీవీ నిండా వాడి మొహమే. అది పగిలిపోతే వాడు పెట్టాడని ఎవరు నమ్ముతారు? పగలగొట్టలేను, ఇవ్వలేను. ఇంట్లో బియ్యం డబ్బా అడుగున పెట్టా. అంజుమ్‌కి ఏమీ తెలీదు. దానికి ఎప్పటికీ తెలీకూడదమ్మా. అందుకోసం నేను దొంగనైనా పర్లా."

దేవిక లేచి నిలబడింది. పన్నెండూ పది నుంచీ జరిగిందంతా ఆమె కళ్ల ముందు వెనక్కి తిరిగింది. యోగేశ్‌కి అప్పటిదాకా ఇది ఏదో మామూలు దొంగతనమే. ఎవడో పెట్టె ఎత్తుకుపోయాడు, పోలీసులు పట్టుకొస్తే చల్లగా డిస్కు మార్చేయొచ్చు అనుకున్నాడు. ఆ పెట్టె తీసినవాళ్లు లోపలున్నది చూశారని వాడికి చెప్పింది తనే. తీగలు తిప్పటం ఎవరికి నేర్పాడో వాడికి తెలుసు. కొట్లో రెండో తాళంచెవి ఎవరిదో తెలుసు. గొప్ప కోసం నోరు పారేసుకుని, తల్లి ప్రాణం ఒడ్డి దాచినదాన్ని వాడికి దారి చూపించి మరీ ఇచ్చింది. ఇన్నాళ్లూ లోకం మీద పుట్టిన రోత అంతా ఇప్పుడు తన మీదికే తిరిగింది.

"కృష్ణకుమారి గారూ, సీఐ గారికి ఫోన్ చెయ్యండి. జీపు ఖదీజా ఇంటికి పంపమనండి. ఇప్పుడే!"

కృష్ణకుమారి తన ఫోను తీసేలోపే బల్ల మీద ఖదీజా ఫోను మోగింది. తెర మీద "అంజుమ్" అని ఉంది. ఖదీజా చెయ్యి చాచి, మళ్లీ వెనక్కి తీసుకుంది. దేవిక ఫోను అందుకుని స్పీకర్ నొక్కింది.

"అమ్మీ, నిన్ను వదిలేశారా? ఇక్కడికి కెమెరాలాయన వచ్చాడు" అంది అంజుమ్ గొంతు. మామూలుగానే ఉంది, కొంచెం హుషారుగా కూడా ఉంది. "నీ కేసు తీసేయటానికి ఏదో వస్తువు ఇంట్లో చూడాలంట, సీఐ గారు పంపారంట. నేను ఆయన్ని ఎరుగుదును అమ్మీ, మా షాపులో కెమెరాలు బిగించింది ఈయనేగా. వంటింట్లో ఎతుకుతున్నాడు."

"అంజుమ్, నేను అమ్మ పక్కనే ఉన్నా, దేవికనమ్మా" అంది దేవిక. "ఆయనతో ఏమీ అనొద్దు. చెప్పులు కూడా వేసుకోవద్దు. బయటికొచ్చి పక్కింట్లోకి వెళ్లిపో."

అవతల ఏదో సత్తు డబ్బా నేల మీదికి ఒరిగిన మోత, గింజలు జారిన శబ్దం వినిపించాయి. ఖదీజా బల్ల మీంచి లేచి నిలబడింది. తర్వాత అంజుమ్ గొంతు మళ్లీ వచ్చింది, ఈసారి బాగా తగ్గి.

"ఎట్టా పోను అక్కా? ఎవరూ అడ్డు రాకూడదంటూ వచ్చేటప్పుడే తలుపుకి లోపల తాళమేశాడు. చెవి వాడి జేబులో ఉంది."